ఎండెక్కిన తీగ, ఉప్పేసిన గంజి

నౌపడ నుంచి టెక్కలి దాకా టెలిగ్రాఫ్ తీగ బాగోగులు చూసే పని నాది. తీగైనా తెగుతుంది గాని నా అతుకు ఊడదని పందెం కాసేవాణ్ణి. అలాంటి నన్ను పట్టుకుని, ఒక వేసవి మధ్యాహ్నం పై అధికారి మా ఇంటి అరుగు మీద తన కొలత పెట్టె ముందు కూర్చుని, "నీ అతుకులన్నీ వదులే" అన్నాడు. చలికాలం తెల్లవారుజామున కొలిచినప్పటికంటే కరెంటుకి తీగ పెట్టే అడ్డు బాగా పెరిగిందట. నా ఉద్యోగం తీసేయమని రిపోర్టు కూడా రాసేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇనుము వేడెక్కితే అడ్డు పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. కాలే ఇసకలో మన నడక ఎలాంటిదో, వేడి తీగలో కరెంటు నడక అలాంటిది.

"సూపిత్తాను బాబూ, కూకోండి" అన్నాను.

సన్నటి ఇనప తీగని వెదురుపుల్లకి ఎడం ఎడంగా చుట్టి, ఆయన పెట్టెకే తగిలించాను. అడ్డు పెరిగితే పెట్టెలో ముల్లు కుడికి జరగాలి. మా ఆవిడ అప్పుడే వార్చిన గంజి కుండ తెచ్చింది. చుట్టని అందులో ముంచాను. ముల్లు ఎడమకి పోయింది! అధికారి పగలబడి నవ్వాడు. నా మొహం మాడిపోయింది.

"మావా, గంజిలో ఉప్పేసినాను గదా, దానికేటైనా అయ్యిందేటి?" అంది మా ఆవిడ.

గుమ్మం ముందే ఉప్పు మడులున్న ఊరు మాది. పొయ్యి దిగకముందే గంజిలో ఉప్పు పడిపోతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఉప్పునీళ్ళలోంచి కరెంటు పక్కదారి పడుతుంది, అడ్డు తగ్గినట్టు కనబడుతుంది. కరెంటు పక్కకి పోకుండా స్తంభాల మీద తీగని మోసే పింగాణీ గిన్నెలకి పట్టిన ఉప్పు వారం వారం తుడిచేవాణ్ణి నేనే, ఆ సంగతే మరిచాను.

చుట్టని తుడిచి ఆరబెట్టి, పొడి ఇత్తడి చెంబులో అంచులకి తగలకుండా పెట్టాను. చెంబుని మెడదాకా గంజిలో దింపాను. ముల్లు మెల్లగా కుడికి, ఇంకా కుడికి జరిగింది. చల్లటి చోడి అంబలి కుండలోకి మార్చాను. వెనక్కి వచ్చింది. మూడోసారి చెంబు ఆయనే పట్టుకున్నాడు.

ఆ చెంబుతోనే తర్వాత ఉద్దానం రైతుల కొబ్బరి కురిడీల రాశి లోపల ఎంత కాక పుట్టిందో రాశి కదపకుండా చెప్పాను. అదీ గొప్పే. కానీ నా గెలుపంటే గంజి పరీక్ష మర్నాటి తెల్లవారుజామే. చల్లటి పూట లైను కొలిస్తే అంకె దిగింది, నా అతుకులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అధికారి రిపోర్టు చింపేసి, కొలతల పుస్తకంలో గీత గీసి, 'వేడి' అని కొత్త గడి పెట్టాడు. తర్వాత మా ఆవిడని గంజి అడిగి తాగాడు.

"ఉప్పు సరిపోయిందమ్మా" అన్నాడు.