సారుకు వినిపించిన జపాన్ రికార్డు

మా కింది వాటాలో ఉండే సారు పోయారు. మంగళవారం పొద్దున ఆయన భార్య, అమ్మగారు, చాయ్ పట్టుకెళ్లి పిలిస్తే పలకలేదట. పిలిస్తే పలకడం ఆయన మానేసి చాలా కాలమైంది కనుక ఆవిడ మొదట కంగారు పడలేదు.

నాంపల్లిలో వాళ్లింట్లో మేం అద్దెకు దిగేనాటికే సారుకు చెవులు మందగించాయి. క్లాసులో పిల్లలు నవ్వుకుంటున్నారని తెలిసి బడి ఉద్యోగం ముందే వదిలేశారు. "పట్నంల లొల్లి తగ్గింది బిడ్డా, మంచిగైంది" అనేవారు. మంచిగా ఏమీ కాలేదు. అమ్మగారి సన్నటి గొంతు కూడా అందక, ఆవిడ పెదవుల వంకే చూస్తూ అన్నం తినేవారు.

ఒక ఆదివారం ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద, పాత పుస్తకాల పక్కన ఆయనకొక రికార్డు దొరికింది. అట్ట నిండా జపాన్ అక్షరాలు, పొడుగు మెడ గిటారు పట్టుకున్న మనిషి. వాళ్లింట్లోని రేడియోగ్రామ్ పెట్టె మీద నేనే పెట్టాను. పాట లేదు. బరువైన తీగల మోత, ఈడ్చుకుంటూ నడుస్తోంది. పెట్టె మీద చెయ్యి వేసి ఉన్న సారు నిటారయ్యారు.

"ఇనవడుతున్నది బిడ్డా! గీయనెవరో గానీ, గీయన ఒక్కడే నాతోని మాట్లాడుతుండు."

కళ్లు తుడుచుకోవడానికి మొహమాటపడలేదు.

ఆ వాయించేవాడివి ఇంకొన్ని ఉండకపోతాయా అని అట్ట చంకన పెట్టుకుని, నన్ను వెంటేసుకుని ఆబిడ్స్‌లో రికార్డుల షాపులన్నీ తిరిగారు. పేరు చదవగలిగినవాడు లేడు. "గిది చైనాది సారూ, గీడ దొరకదు" అన్నాడొక షాపాయన. సారు "ఔ, మస్తు వాయిస్తడు" అని నవ్వారు.

ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే రికార్డు మధ్య కాగితం మీద ఆ అక్షరాల నడుమ 45 అని స్పీడు అంకె కనబడింది. పెద్ద రికార్డు కదా అని మేం ముప్పై మూడు మీదే తిప్పుతున్నాం, నింపాదిగా. మీట నలభై అయిదుకు మార్చాను. తీగల మోత సన్నబడి గది హుషారెక్కిపోయింది. ఆ వేళ్లు పరుగులు తీస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది.

"పెట్టినవా?" అని అడిగారు సారు.

మళ్లీ ముప్పై మూడుకే మార్చాను. ఆయన మొహం విప్పారింది. "మనకు గిదే అసలు స్పీడు" అన్నారు.

ఆ చెవులకు ఇక చేసేదేమీ లేదని దవాఖానలో చెప్పేశారు. కొన్నాళ్లకు ముప్పై మూడు కూడా ఆయనకు అందలేదు. పదహారుకు దించాను. సంగీతం ముద్దైపోయి, ఎవరో నిద్రలో మూలిగినట్టు ఉండేది. ఆయనకు అదీ సంగీతమే. అన్ని వాయిద్యాల మధ్య అడుగున నడిచే ఒక్క తీగను పట్టుకుని వినడం నాకు ఆయన పక్కన కూర్చునే అబ్బింది. అందుకు ఎప్పటికీ ఆయనకు కృతజ్ఞురాలిని.

పోయిన నెల ఒకరోజు, రికార్డు పదహారు స్పీడు మీద తిరుగుతూనే ఉంది. సారు రెండు అరచేతులూ పెట్టెకు ఆనించి నా వంక చూశారు.

"జర ఇంకా కిందికి పెట్టు బిడ్డా."

పదహారు కింద ఇంకో అంకె లేదు. మీట మీద వేలుంచి నిలబడిపోయాను. సారు పెట్టెకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని, ఓపిగ్గా ఎదురుచూస్తున్నారు.