మజూరి ఎవరి లెక్కలో పడాలి

మా మరిది నన్ను కొట్టిన పొద్దు మేమిద్దరం ఒకే చీర మీద కూర్చున్నాం. గద్వాల కుట్టు చీర ఒక్కరితో కాదు. నడుమ నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట పోగును పోగుతో మెలేస్తూ పోవాలి. ఒకరు మగ్గం గుంటలో కూర్చొని పోగు నడిపే నాడె విసిరితే, ఇంకొకరు పక్కన కూర్చొని అంచు అందుకోవాలి. నా పెనిమిటి ఉన్నప్పుడు గుంటలో ఆయన, పక్కన నేను. ఆయనా కొట్టేవాడు. తాగితే కొట్టేవాడు, నూలు తెగితే కొట్టేవాడు. ఆయన పోయాక అదే గుంటలోకి ఆయన తమ్ముడు దిగాడు. నేను నా చోటు నుంచి లేవలేదు. లేస్తే నాకూ నా బిడ్డకూ ముద్ద ఎక్కడిది?

నూలు, పట్టు, జరీ అన్నీ సావుకారు ఇస్తాడు. చీర నేసి ఇచ్చాక మజూరి ఇస్తాడు. ముందు చేతికే ఇచ్చేవాడు. తర్వాత బ్యాంకులో వేస్తానన్నాడు. వదిన ఖాతాలో వెయ్యమని మా మరిదే చెప్పాడు. మొగుడు పోయినదాన్ని, నాకు పెద్దరికం ఇచ్చాడనుకున్నాను. దుకాణంలో మిషను మీద వేలు పెట్టి పైసలు తెచ్చి అతని చేతిలో పోసేదాన్ని. మూడు పాళ్లు చేసి రెండు తాను ఉంచుకొని ఒకటి నాకు ఇచ్చేవాడు. పక్క చోటుకు అంతే అనేవాడు. నేనూ కాదనలేదు.

అప్పుడే నా బిడ్డకు వనపర్తిలో నర్సు చదువుకు సీటు వచ్చింది. ఆదాయ సర్టిఫికెట్ ఉంటే ఫీజు సర్కారు కడుతుంది. లేకుంటే మేమే కట్టాలి, మా దగ్గర ఏముంది కట్టడానికి? మీసేవలో దరఖాస్తు పెట్టాం. తహసీలు ఆఫీసు సారు నా పాసుబుక్కు తెరిచి, ఏడాది పొడుగునా పడ్డ మజూరి అంతా కూడాడు. హద్దు దాటింది. ఇందులో రెండు పాళ్లు నావి కావు సారూ అన్నాను. ఖాతాలో పడిందంతా ఖాతా ఉన్నవాళ్ల ఆదాయమే అన్నాడు. ఇంకొకరి పాలు ఉంటే ఆ మనిషే ఒప్పుకోవాలి, ఇంటికి విచారణకు వస్తాను, అప్పుడు చెప్పించు అన్నాడు. కాలేజీలో కాగితాలు ఇచ్చే గడువు ఆ వారమే.

మజూరి నా ఖాతాలో ఎందుకు వేయించాడో ఇంటికి వచ్చి అడిగితే తెలిసింది. గట్టు అనే ఊరి దగ్గర మరిదికి చేను ఉంది, కౌలుకు ఇచ్చాడు. సర్కారు పేదలకు ఇచ్చే ఇంటికి పేరు పెట్టుకున్నాడు. కౌలు పైసలకు మజూరి కలిస్తే ఆ ఇల్లు రాదు. అందుకే మజూరి నా పేరున, ఇల్లు అతని పేరున.

మజూరి ఇద్దరిదని సారుతో ఒక్క మాట చెప్పమని బతిమాలాను. నాడె ఆపకుండానే నవ్వాడు.

"నీ బిడ్డ సూదులు పొడుస్తే నా నెత్తి మీద కప్పు పడ్తదా వదినా? పెండ్లి చేసి తోలు. ఫీజూ ఉండదు, పరేషానూ ఉండదు."

"నువ్వు చెప్పకుంటె నేనే చెప్త. గట్టుల చేను సంగతి గూడ చెప్త."

మగ్గానికి ఆనించిన కర్ర ఎప్పుడు తీశాడో చూడలేదు. చెవి మీద పడింది. రెండోది వీపు మీద. జుట్టు పట్టి గుంటలోకి లాగాడు. నా నోటికి అతని చెయ్యి అందింది, కొరికాను. నాలుకకు ఉప్పగా నెత్తురు తగిలేదాకా వదల్లేదు. చేతికి నాడె దొరికింది, దాని కొసకు ఇనుప మొన ఉంటుంది. కనుబొమ్మ మీద పొడిచాను. నా తోటికోడలు గోడ దగ్గర దారం చుడుతూ ఉంది. మొగుడి ముఖం చీలినా రాట్నం ఆపలేదు. ఆమెకూ ఆ ఇల్లు కావాలి.

అతని నెత్తురు చీర మీద పడింది. మీగడ రంగు చీర. అది చూసి ఇద్దరం ఆగిపోయాం. నా జుట్టు వదిలి, తన ముఖం తుడుచుకోకముందే తడిగుడ్డ అందుకున్నాడు. నేను బట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టాను. అతను అద్దాడు. రుద్దితే మరక పాకుతుంది, అద్దాలి. అది పోయేదాకా నేను పట్టే ఉన్నాను, అతను అద్దుతూనే ఉన్నాడు. పోయాక గుడ్డ పక్కన పెట్టి నా కడుపులో తన్నాడు.

తెల్లారి సారు విచారణకు వచ్చాడు. ఇరుగుపొరుగును పిలిపించాడు. మరిది కంటి మీదికి రుమాలు కట్టి గుంటలోనే కూర్చున్నాడు.

"మా అన్న పోయినంక మగ్గం వదినదే సారూ. ఆమెనే నేస్తది, నేను జర ఆసరగ కూసుంట. ఆమె ఖాత, ఆమె పైసలు. నాకేం తెల్వదు."

సారు వాచిపోయిన నా ముఖం చూశాడు, పాసుబుక్కు చూశాడు. అబద్ధం చెబుతున్నాడు సారూ అన్నాను. రుజువేముందమ్మా అన్నాడు. పొరుగువాళ్లు నేల చూశారు. వాళ్ల మగ్గాలకూ మా మరిది చెబితేనే సావుకారు నూలు ఇస్తాడు. సారు పెన్ను మూత తీశాడు. నా బిడ్డ గడప దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు. పెన్ను వైపే చూస్తున్నది.

నేసిన చీర కోసే కత్తి గోడ సందులో దోపి ఉంటుంది. తీశాను.

"అంత నాదేనంట గద సారూ. నాదైతె నేను కోసుకుంట."

అంచు పోగుల మీద పెట్టి లాగాను. బిగువు మీదున్న పట్టు, తెగి చివ్వున వెనక్కి ఎగిసింది. ఇంకో పిడికెడు పట్టుకొని మళ్లీ లాగాను. మరిది గుంటలోంచి లేచి నా గొంతు పట్టాడు. సారు ముందరే, అంత మంది ముందరే. నొక్కుతూనే అన్నాడు.

"దొంగముండా, నా రెక్కలు ఇరగ్గొట్టుకుంటెనే గద ఇంత దూరం వచ్చింది చీర. గందుల రెండు పాళ్లు నావి."

నా కళ్లకు చీకట్లు కమ్మాయి. మాట మాత్రం వినబడింది. పొరుగువాళ్లు అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీశారు. సారు అతన్ని కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, ఆ మాటే మళ్లీ చెప్పించి రాసుకున్నాడు. రెండు పాళ్లు అతనివి, ఒక పాలు నాది. రుమాలు తడిసి కారుతుంటే మరిది సంతకం పెట్టాడు. సగం కోపంలో పెట్టాడు, సగం తన పాలు కాగితమెక్కితే ఆ పట్టు నష్టం నా మీద వెయ్యొచ్చని పెట్టాడు.

సర్టిఫికెట్ వచ్చింది. బిడ్డ వనపర్తి హాస్టల్లో చేరింది. ఇళ్ల జాబితాలో మరిది పేరు కొట్టేశారు. ఆ సాయంత్రమే నా గిన్నెలు, బట్టలు మురుగు మోరీలోకి విసిరాడు. ఏరుకుంటుంటే వేళ్ల మీద తొక్కాడు. మగ్గం మీదున్న పడుగు కోసినదాన్ని గద్వాలలో ఏ మగ్గం పక్కనా కూర్చోనివ్వరు. వాళ్లను తప్పుపట్టను. నా మగ్గమైతే నేనూ కూర్చోనివ్వను.

ఇప్పుడు గట్టు వైపు విత్తనపత్తి చేలల్లో కూలి చేస్తున్నాను. బస్టాండులో ఎదురైతే మరిది చేతులు నరుకుతానంటాడు. నా సంచిలో కొడవలి ఉంటుందని అతనికి తెలుసు, దగ్గరికి రాడు. బిడ్డ చదువుకు ఈ ఏడు ఆదాయం కాగితం మళ్లీ అడిగారు. ఈసారి వచ్చిన సారు కొత్తవాడు. ఇంట్లో ఎవరెవరి సంపాదన కలిపి రాయాలమ్మా అని అడిగాడు.

"నాదొక్కదానిదే రాయుండ్రి సారూ. ఎవ్వరిది కలపకుండ్రి."