ఎక్కేవాళ్ళకే కనిపించే పసుపు

మీరు ఆరలేదు బాబాయ్‌ని కలవాలి. కలిసి తీరాలి, అంతే! మా ఇంటి మెట్లకి రంగు వేయడానికి వచ్చాడు. అసలు పేరుతో ఆయన్ని ఎవరూ పిలవరు. రంగేసిన గోడ దగ్గరికి ఎవరొచ్చినా తల తిప్పకుండా "ఆరలేదు" అంటాడు. నిన్న వేసిన రంగైనా అంతే, మండుటెండలో వేసినా అంతే. మొదటిరోజు మా అమ్మ టీ గ్లాసు పట్టుకుని నాలుగడుగులు దగ్గరికి వచ్చిందో లేదో, "ఆరలేదమ్మా" అన్నాడు. అప్పటికి ఇంకా డబ్బా మూతే తీయలేదు.

మా ఇంట్లో గొడవంతా రైజర్ల గురించి. మనం అడుగు వేసే పలక కాదు. దాని కింద నిలువుగా ఉండి, ఎక్కేటప్పుడు బొటనవేలికి తగిలే చెక్క ఉంటుందే, అది. అమ్మ తెలుపు అంది. "తెల్లగా వేయించి రోజూ చెప్పుల మరకలు తుడుస్తూ కూర్చో" అని నాన్న బూడిదరంగు వైపు వెళ్ళాడు. నేనైతే ఫోన్‌లో నలభై ఫొటోలు దాచుకున్నాను. కింద ముదురు నీలంతో మొదలుపెట్టి పైకి వెళ్ళేకొద్దీ లేతబడాలి, నిగనిగలాడాలి!

బాబాయ్ ముగ్గురి మాటా విన్నాడు. ఎవరిదీ కాదనలేదు. "ముందు ముగ్గురూ పైకెళ్ళి నిలబడండి" అన్నాడు.

వెళ్ళాం.

"ఇప్పుడు కిందకి చూడండి. రైజర్ ఎక్కడైనా కనిపిస్తోందా?"

"ఎలా కనిపిస్తుంది బాబాయ్? అది మెట్టు కిందకి పోయిందిగా" అన్నాను నవ్వుతూ.

"అంతేనమ్మా. చిన్నపిల్లవి, నీకు ఇట్టే తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళు బ్రష్షు పట్టినవాడికి తెలియలేదు" అన్నాడు. నవ్వలేదు. మూడో మెట్టు మీద కూర్చుని, గరుకు కాగితంతో పాత రంగు గీకుతూ, గడియారాల మాస్టారి సంగతి చెప్పాడు.

మాస్టారిది గడియారాలు బాగుచేసే పని. ఇంటి పై గదిలో, కిటికీ పక్కన ఆయన పనిబల్ల. కంటికి భూతద్దం బిగించుకుంటే వెంట్రుకంత మర కూడా దొరికేది. కానీ చెయ్యి చాచినంత దూరం దాటితే అంతా మబ్బే. మెట్లు పదమూడు, అన్నీ ముదురు గోధుమరంగు. తడుముకుంటూ ఎక్కేవాడు. కూతురు భయపడిపోయి, బల్ల కిందకి దించేద్దాం అంది. "బల్ల దిగితే నేను దిగిపోయినట్టే" అన్నాడాయన. అందుకని ఆ అమ్మాయి మన బాబాయ్‌ని పిలిపించింది. మెట్లు కనిపించేలా చేస్తే నాన్న పని నాన్న చేసుకుంటాడని.

బాబాయ్‌కి ఇలాంటి పని దొరికితే పండగే. రంగుల అట్ట చూపించి ఎంచుకోమనే రకం కాదు. పనికిరాని చెక్కముక్కలకి తొమ్మిది రంగులు పూసి తీసుకెళ్ళి, ఒక్కో మెట్టుకి ఒకటి ఆనించి పెట్టాడు. మాస్టారిని కింద నిలబెట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగాడు. ఎరుపు సాయంత్రానికి నల్లబడిపోయింది. తెలుపు నిగారింపు మీద కిటికీ వెలుతురు పడి మాస్టారి కళ్ళు జిగేల్‌మన్నాయి. చివరికి నిమ్మపండు పసుపు నిలిచింది, అదీ మెరుపు లేకుండా. బేసి మెట్లు ఒకరోజు, సరి మెట్లు మర్నాడు వేశాడు, ఇంట్లోవాళ్ళు రాకపోకలు ఆపుకోనక్కర్లేకుండా.

కూతురు ఒక్కటే అడిగింది. "అన్నయ్యా, అడుగేసే పలక అంచుకి కూడా ఓ పసుపు గీత లాగకూడదా?"

"బస్సు మెట్లలా ఉంటుంది చెల్లెమ్మా! ఇల్లా, బస్టాండా?" అన్నాడు బాబాయ్.

ఆ అమ్మాయి నవ్వేసి ఊరుకుంది.

ఆరాక మాస్టారు మెట్ల కింద నిలబడి వేలితో చూపిస్తూ పదమూడూ లెక్కపెట్టాడు. గోడ ముట్టుకోకుండా ఎక్కాడు. పైనుంచి, "ఒరేయ్ అబ్బాయ్, నువ్వు నాకు మెట్లు కాదురా, కళ్ళు ఇచ్చావు" అని అరిచాడు. ఆ మాట చెప్పేటప్పుడు బాబాయ్ చేతిలో గరుకు కాగితం ఆగిపోయింది.

పదకొండో రోజు పొద్దున్నే మాస్టారు అలాగే గోడ ముట్టుకోకుండా దిగుతూ పడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది.

బాబాయ్ చూడ్డానికి వెళ్ళాడు. మాస్టారు కింద గదిలో కట్టుతో పడుకుని, వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతున్నాడు: "మెట్లు బంగారంలా ఉన్నాయి. ఈ అబ్బాయి పనికి వంక పెట్టలేం. పాడైనవి నా కళ్ళే." కూతురు బాబాయ్‌ని, "అన్నయ్యా, పైన నాన్న భూతద్దాల పెట్టె ఉంది, కాస్త తెచ్చిపెడతావా?" అని అడిగింది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. రంగులవాళ్ళు మెట్లు ఎలా దిగుతారో ఎప్పుడైనా చూశారా? వెనక్కి దిగుతారు! పై మెట్టుతో మొదలుపెట్టి, మొహం మెట్లవైపే పెట్టుకుని, ఒక్కోటీ పూసుకుంటూ కిందకి వస్తారు. ఆ ఇంట్లో పని చేసినన్నాళ్ళూ బాబాయ్ ఎక్కినా దిగినా ఎదురుగా పసుపే. రంగు ఎంచుకునేటప్పుడు కూడా మాస్టారిని కిందే నిలబెట్టాడు గానీ, ఒక్కసారి కూడా పైన నిలబెట్టలేదు.

ఆ రోజు రెండు చేతుల్లో పెట్టె పట్టుకుని, మామూలు మనుషుల్లా ముందుకి తిరిగి దిగబోయాడు. పసుపు లేదు. ఒక్క చుక్క లేదు. పదమూడు పలకలూ కలిసిపోయి, ఒకటే గోధుమరంగు చెక్క వాలుగా పరిచినట్టుంది.

"ఎక్కించినవాణ్ణి నేనేనమ్మా. దిగడం సంగతి నాకు తట్టనేలేదు. ఆ పిల్లకి తట్టింది, నేను బస్టాండని వెక్కిరించాను" అన్నాడు.

పెట్టె తెచ్చి మంచం పక్కన పెట్టాడు. చెబుదామని నోరు తెరిచాడు. అప్పుడే మాస్టారు పక్కింటాయనకి బాబాయ్ చెయ్యి చూపించి, "ఇదిగో, ఈ చెయ్యే" అంటున్నాడు. నోరు మూసుకున్నాడు. "ఓ చిన్న పని మిగిలింది, రెండ్రోజుల్లో వస్తా" అని బయటపడ్డాడు.

ఆ రెండ్రోజులు ఆరు వారాలయ్యాయి. ఒక బడి గోడలు, తర్వాత ఇంకెవరిదో వరండా. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకున్నాడట. పని ఎక్కువై కాదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మొహం మళ్ళీ చూడాలంటే భయం.

చివరికి పసుపు డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి కట్టు విప్పేశారు. చెయ్యి బాగానే తిరుగుతోంది. కానీ పై గది ఖాళీ. "కళ్ళు పోయినవాడికి బల్లెందుకు" అని మాస్టారు పనిముట్లన్నీ పక్క వీధి గడియారాల కొట్టతనికి ఇచ్చేశాడు. బల్ల తలుపులో పట్టక, దాన్ని రెండు ముక్కలుగా కోసి దించారట. ఆ తర్వాత ఆయన ఒక్కసారి కూడా మెట్లెక్కలేదు.

బాబాయ్ పైకెళ్ళి, పదమూడు అంచులకీ రెండు వేళ్ళ వెడల్పున పసుపు గీత లాగాడు. కూతురు కింద నిలబడి చూసి, "ఇప్పుడెందుకన్నయ్యా? బస్టాండన్నావుగా" అంది. దెప్పిందో, మామూలుగానే అందో బాబాయ్‌కి ఇప్పటికీ తెలియదు. మాస్టారు కుర్చీలోంచి లేచి దగ్గరికొచ్చి, వంగి చూసి, పెదవి విరిచాడు.

"మునుపే బాగుందిరా. బంగారంలాంటి పని, ఎందుకిలా పాడుచేసుకున్నావు?"

"ముట్టుకోకండి మాస్టారూ, ఆరలేదు" అన్నాడు బాబాయ్.

ఇది జరిగి రెండేళ్ళు. మాస్టారు ఇప్పటికీ అదే కుర్చీలో కూర్చుని, తన కళ్ళనే తిట్టుకుంటున్నాడు.

నేను ఊరుకోగలనా? "ఇప్పుడైనా చెప్పేయ్ బాబాయ్! తప్పు ఆయన కళ్ళది కాదని తెలిస్తే ఎంత సంతోషిస్తాడో!" అన్నాను.

"సంతోషిస్తాడు. ఆ తర్వాత 'మరి నా బల్లేదిరా' అంటాడు. అప్పుడేం చెప్పను తల్లీ?"

బాబాయ్ లేచి బట్టలకంటిన పొడి దులుపుకుని, మా మెట్ల పైదాకా వెళ్ళి, ముందుకి తిరిగి, ఒక్కో అంచూ చూసుకుంటూ మెల్లగా దిగాడు. మా రైజర్లు చివరికి బూడిదరంగే అయ్యాయి, నాన్న గెలిచాడు. అంచులకి తెల్లగీతలు మాత్రం బాబాయ్ ఎవర్నీ అడక్కుండా వేసేశాడు. అమ్మ కూడా కాదనలేదు.

నిన్న గీతలు ముట్టుకుని చూశాను. ఆరిపోయాయి. మాస్టారి ఇల్లు ఇక్కడికి నాలుగు వీధుల అవతల. మీరే ఆరలేదు బాబాయ్ అయితే ఏం చేసేవారు? ఆ కుర్చీ ముందుకెళ్ళి చెప్పేసేవారా, లేక ఆయన్ని కళ్ళనే తిట్టుకోనిచ్చేవారా?