కొలువు తీరిన మైక్రోవేవ్

ఒక గ్లాసుడు పాలు వేడెక్కకపోతే ఒక అత్తగారు అలిగి సంచీ సర్దుకుంటుందని ఎవరైనా చెబితే మీరు నవ్వేస్తారు. నేనూ నవ్వేవాణ్ణే. కానీ ఆ సంచీ సర్దించినవాణ్ణి నేనే కావడం వల్ల తల దించుకుని నవ్వవలసి వస్తోంది. జరిగిన ఘోరమంతా చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి కలిగితే దయచేసి ఆపుకోండి, చివరికి అది దండగ అని తేలుతుంది.

అప్పట్లో మేము కలకత్తా భవానీపూర్‌లో ఒక పాత మేడలో పై అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ల ఆఫీసులో నా ఉద్యోగం. అందుచేత కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ నా మాట వింటుందని నాకో నమ్మకం. మా ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా, గీజరు కాగకపోయినా నేను స్క్రూడ్రైవరు పట్టుకుని పెద్ద డాక్టరులా బయల్దేరేవాణ్ణి. రోగి బతికిన సందర్భాలు తక్కువే అనుకోండి, నా నడకలో ధీమా మాత్రం తగ్గేది కాదు.

మా ఆవిడ సరళది శ్రీకాకుళం. పెళ్ళయినప్పటి నుంచీ వాళ్ళమ్మని కలకత్తా రమ్మని పిలుస్తూనే ఉంది. ఆవిడేమో, "అల్లుడి ఇంట్లో నాకేటి పనమ్మా, మాట పడ్డానికా?" అని దాటేసేది. చివరికి ఆ ఏడు ఎలాగో ఒప్పుకుంది. దసరాకి వచ్చి దీపావళి దాకా ఉంటానని మాట ఇచ్చింది. సరళ ఆనందం చూడాలి! అమ్మ పక్కన పడుకుని చెప్పుకోవలసిన కబుర్లు కొన్నేళ్ళవి పోగుపడి ఉన్నాయి. రైలు దిగిన దగ్గర్నుంచీ తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు.

అత్తగారు తనతో బొమ్మల పెట్టె తెచ్చింది. మా ముందుగదిలో మెట్లు కట్టి, తెల్ల పంచె పరిచి, బొమ్మల కొలువు పెట్టింది. చక్కగా ఉంది. అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. కానీ దుర్గాపూజల రోజుల్లో కలకత్తా గాలి పీల్చినవాడికి ఊరుకోవడం చేతకాదు. మా వీధి పందిట్లో ఆ ఏడు దీపాల చక్రాలు తిరుగుతున్నాయి. పక్క వీధివాళ్ళు పందిరిని ఏకంగా పడవలా కట్టారు. ప్రతి పందిరికీ ఒక థీమ్. మరి మన కొలువుకి?

"అత్తయ్యగారూ, కొలువులో ఏదో ఒకటి తిరగాలండీ" అన్నాను.

"బొమ్మలెందుకు తిరుగుతాయి బాబూ? కూర్చున్నాయి కదా సుఖంగా" అందావిడ.

నేను విన్నానా? వంటింట్లోంచి మైక్రోవేవ్ మోసుకొచ్చి మధ్య మెట్టు మీద పెట్టాను. చుట్టూ జరీ పమిట కట్టాను. లోపల పళ్ళెం మీద ఏటికొప్పాక లక్క సరస్వతిని కూర్చోబెట్టి మీట నొక్కాను. దీపం వెలిగింది. అమ్మవారు వీణతో సహా మెల్లగా ప్రదక్షిణం మొదలుపెట్టింది. లక్క బొమ్మ కరిగిపోకుండా ఎలా తిప్పావని అడుగుతారా? కాస్త ఆగండి. నన్ను ముంచింది ఆ ప్రశ్నే.

కింది అంతస్తులో ఉండే తపన్‌దా, ఆయన భార్య కొలువు చూడటానికి వచ్చారు. ఆవిణ్ణి మేము బౌది, అంటే వదిన, అనేవాళ్ళం. తపన్‌దా బెంగాలీ పెద్దమనిషి, రిటైరయ్యాక ఏం చూసినా ఫోన్‌తో వీడియో తీసే అలవాటు. తల్లీకూతుళ్ళు వంటింట్లో ప్రసాదం సర్దుతూంటే నేను పక్కన నిలబడి చేతులూపుతూ ఇచ్చిన ఉపన్యాసం కూడా తీశాడు. "దారుణ్, రావుబాబూ, దారుణ్!" అన్నాడు. బెంగాలీలో అది మెచ్చుకోలు మాట. మన భాషలో ఆ మాటకి ఉన్న అర్థం కూడా సరిపోయేదని తర్వాత తెలిసింది.

దశమి వెళ్ళింది. బొమ్మలు పెట్టెలోకి, మైక్రోవేవ్ వంటింట్లోకి చేరాయి. దాని తలుపు మీద గంధం, కుంకుమ బొట్టు ఉన్నాయి. ఆయుధపూజ నాడు అత్తగారు మిక్సీకీ, ఇస్త్రీ పెట్టెకీ, నా ల్యాప్‌టాప్‌కీ పెట్టినట్టే దానికీ పెట్టింది. అమ్మవారు కూర్చుని లేచిన చోటు కదా అని, వంటింట్లో పెట్టాక కాసిని పసుపు నీళ్ళు కూడా చల్లింది.

మర్నాడు పొద్దున సరళ కాఫీకని పాలు అందులో పెట్టింది. గుర్రుమంది. దీపం వెలిగింది. పళ్ళెం తిరిగింది. పని పూర్తయిందని గర్వంగా కూత కూడా కూసింది. పాలు మాత్రం ఫ్రిజ్‌లోంచి వచ్చిన చల్లదనంతోనే ఉన్నాయి.

"ఏటండీ ఇది? ఏటయింది దీనికి?" అని కేకేసింది సరళ.

నేను స్క్రూడ్రైవరుతో ప్రవేశించాను.

మొదట పాలు తీసి నీళ్ళు పెట్టాను. పాల తప్పేమోనని. నీళ్ళూ చల్లగానే వచ్చాయి. ప్లగ్గు పీకి వేరే చోట పెట్టాను. ఫ్రిజ్ స్టెబిలైజరు పీకి దీనికి తగిలించాను. ఫ్రిజ్ ఆగిపోయింది, ఇది మాత్రం కులాసాగా తిరుగుతూనే ఉంది. తలుపు మెల్లగా వేశాను, గట్టిగా వేశాను, మోకాలితో అదిమిపట్టాను. దాని నడుముకి చెవి ఆనించి విన్నాను. వినడం ఎందుకంటే, సరళ చూస్తోంది మరి.

"ఏటంటోంది?" అని అడిగింది సరళ.

"ఏదో అంటోంది" అన్నాను.

"పాలు గ్యాసు మీద కాచుకోమంటోందేటో అడగండి."

రిపేరు మనిషికి ఫోన్ చేశాను. పూజలకి సొంతూరు వెళ్ళానన్నాడు. "కాళీపూజ అయ్యాక వస్తాను దాదా" అన్నాడు, అంటే మన దీపావళి వెళ్ళాక. కలకత్తాలో ఆ రోజుల్లో మరమ్మతు అడగడం అపశకునం కాబోలు. తపన్‌దా పైకొచ్చి, టీ తాగి, ట్రాన్స్‌ఫార్మరు పోయిందన్నాడు. ఎలా తెలిసిందంటే, తన బావమరిదిది అలాగే పోయిందట. బావమరిదికి మైక్రోవేవ్ ఉందా అని అడిగితే, లేదు, అది టీవీ అన్నాడు.

అప్పుడు నా చూపు మైక్రోవేవ్ పక్కనున్న గాలి కంతల మీద పడింది. అక్కడ పసుపు చారలు.

నేరస్థుడు దొరికిన పోలీసులా నాకు ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పులకరింతకే ఎక్కువ సిగ్గేస్తుంది. వస్తువు పాడయిన బాధ కంటే, పాడుచేసింది నేను కాదన్న సంతోషం ఎక్కువ నాకు.

"అత్తయ్యగారూ" అన్నాను, ఎంతో మర్యాదగా. మర్యాద అనేది కొన్నిసార్లు తిట్టు కంటే గట్టిగా తగులుతుంది. "మీదే తప్పని నేననడం లేదండీ. కానీ ఇలాంటి మిషన్లకి నీళ్ళు పడవు."

"నేనేటి పోసేను బాబూ? నాలుగు చుక్కలు చల్లేను, అంతే."

"నాలుగు చుక్కలు చాలండీ. లోపల చాలా సున్నితమైన భాగాలుంటాయి."

"మరి మొన్న సాంబారు పొంగి లోపలంతా పారితే బాగానే పనిచేసింది కదేటి?"

మంచి ప్రశ్న. జవాబు లేని ప్రశ్న వచ్చినప్పుడు తెలివైనవాడు మౌనంగా ఉంటాడు. నేను, "సాంబారు వేరు, పసుపు వేరు" అన్నాను. ఇంకా ఆగకుండా, "తెలియని వస్తువుల జోలికి పోకూడదండీ" అని కూడా అన్నాను.

ఆవిడ కొంగు దులుపుకుని వంటింట్లోంచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఆవిడ దేన్నీ ముట్టుకోవడం మానేసింది. ఫ్యాను వేసుకోవాలన్నా, "సరళా, ఆ మీట నొక్కమ్మా, నాకు తెలియని వస్తువు" అనేది. కుళాయి దగ్గర కూడా కూతుర్ని పిలిచేది. ఆ మాటలు నాకు వినబడేంత గట్టిగానే పడేవి. తల్లీకూతుళ్ళ కబుర్లు ఆగిపోయాయి. ఇల్లంతా పరీక్ష హాలులా ఉంది, జవాబులు రాయలేనిది నేనొక్కణ్ణే.

ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర అత్తగారి సంచీ సర్ది ఉంది. పక్కన బొమ్మల పెట్టె.

"అమ్మ రేపు వెళ్ళిపోతానంటోంది" అంది సరళ. "ఇన్నేళ్ళు బతిమాలితే వచ్చింది. ఇంక మళ్ళీ రాదు. మీ మైక్రోవేవ్ మీరు చూసుకోండి."

"దీపావళి దాకా ఉంటానన్నారు కదండీ" అని నేను అత్తగారి దగ్గర నసిగాను.

"ఉండొచ్చు బాబూ. ఇంకేటి పాడుచేస్తానో అని భయం" అందావిడ, ఎటో చూస్తూ.

క్షమించమని అడగవలసిన క్షణం అదే. నేనేం చేశానో తెలుసా? "లేదండీ, నేను దాన్ని బాగుచేసేస్తాను" అన్నాను. పాడయింది మైక్రోవేవే అనుకుంటున్నాను ఇంకా!

ఇంతలో విజయదశమి శుభాకాంక్షలు చెప్పుకోవడానికి తపన్‌దా, బౌది కొబ్బరి ఉండలు పట్టుకుని వచ్చారు. పండగ వెళ్ళాక ఇలా ఇంటింటికీ వెళ్ళి పెద్దలకి దండం పెట్టడం వాళ్ళ ఆచారం. బౌది అత్తగారి కాళ్ళకి దండం పెట్టి, గుమ్మం దగ్గర సంచీ చూసి నొచ్చుకుంది.

"మాసీమా అప్పుడే వెళ్ళిపోతున్నారా? అయితే ఇది చూసి వెళ్ళండి, మీ కొలువు ఎంత బాగా వచ్చిందో" అంటూ తపన్‌దా ఫోన్ తీశాడు. మాసీమా అంటే పిన్నిగారు.

అందరం చుట్టూ చేరాం. వీడియోలో సరస్వతీదేవి వెలుగుతూ తిరుగుతోంది. పక్కన జరీ కండువాతో నేను, పెళ్ళికొడుకులా ఇకిలిస్తూ. ఫోన్‌లోంచి నా గొంతు ఖంగుమని మోగింది. వచ్చీరాని బెంగాలీలో ఒకసారి, నా ఆనందం కోసం తెలుగులో ఒకసారి:

"ఏం భయం లేదు! లక్క బొమ్మ కరగదు. రెండు బటన్లు కలిపి నొక్కి డెమోలో పెట్టాను. షాపుల్లో చూపించడానికి ఉంటుందది. దీపం వెలుగుతుంది, పళ్ళెం తిరుగుతుంది, కూత కూస్తుంది, వేడి మాత్రం రాదు. ప్లగ్గు పీకినా సరే, మళ్ళీ నేను తీసేదాకా రాదు. ఎవరి తరమూ కాదు!"

వీడియో అయిపోయింది. తపన్‌దాకి తెలుగు రాదు కానీ బెంగాలీ ముక్క అర్థమైంది. "అయితే ట్రాన్స్‌ఫార్మరు కాదన్నమాట" అని గొణిగి, కొబ్బరి ఉండ నోట్లో వేసుకున్నాడు.

సరళ నా వంక చూసింది. ఆ చూపులో పెడితే పాలు పొంగేవి.

నేను వంటింట్లోకి నడిచాను. ఆ రెండు బటన్లూ కలిపి నొక్కాను. పాల గ్లాసు పెట్టాను. అదే గుర్రు, అదే దీపం, అదే కూత. తీసేసరికి చెయ్యి కాలింది. కుంకుమ బొట్టు పెట్టుకుని అది ముత్తయిదువులా ప్రశాంతంగా నన్నే చూస్తోంది.

ఆ పాలతో కాఫీ కలిపి అత్తగారి ముందు పెట్టాను. "తప్పు నాదేనండీ. మిమ్మల్ని అనకూడని మాట అన్నాను. మీరు వెళ్ళకండి" అన్నాను. ఆ పూట నేను చేసిన ఒకే ఒక్క నిజమైన మరమ్మతు అది.

ఆవిడ కాఫీ గుక్కెడు తాగింది. నవ్వు ఆపుకుంటోందని పెదాలు చెప్పాయి.

"దానికేటీ కాలేదమ్మా సరళా. వెలిగింది, తిరిగింది, గట్టిగా కూసింది, పని మాత్రం చెయ్యలేదు. నాలుగు రోజులు మీ ఆయన్ని పక్కన నిలబెట్టుకుంది కదేటి, చూసి నేర్చుకుంది" అందావిడ.

సరళ పకపకా నవ్వి, వెళ్ళి సంచీ ముడి విప్పింది. అత్తగారు ఆ ఏడు దీపావళి దాటి కార్తీకం కూడా మా ఇంట్లోనే గడిపింది.

ఆ సాయంత్రమే నేను తడి బట్టతో ఆ పెట్టె మీది పసుపు చారలు తుడిచి, దాని నెత్తి మీద చెయ్యి పెట్టి, అందరి ఎదుటా ప్రమాణం చేశాను: ఇకమీదట ఈ ఇంట్లో ఏ యంత్రం మొండికేసినా మొదటి ముద్దాయిని నేనే. నన్ను నేను పూర్తిగా సోదా చేసుకున్నాకే మరొకరి వంక చూస్తాను. స్క్రూడ్రైవరు జోలికి వెళ్ళను. మరీ ముఖ్యంగా, అత్తగారిని ఒక్క మాట అనను.

గొంతు గంభీరంగా పెట్టి, కళ్ళు కూడా కాస్త తడి చేసుకుని చెప్పాను. తపన్‌దా అదీ వీడియో తీశాడు.

అంతా విని సరళ ఒకే ఒక్క మాట అడిగింది.

"ఇది అసలుదేనా అండీ, డెమోనా?"