దర్జీ ఎడమచెయ్యి

ఆ ఉదయం మొగుడూ పెళ్ళాల పోట్లాటలో దర్జీయే గెలిచాడు. మూతి వంకర తిరిగి, ఎడమచేతిలోంచి టీ గ్లాసు జారిపడినా, "ఉత్త తిమ్మిరే! ఓ కునుకు తీస్తే పోతుంది. ఆసుపత్రీ లేదు, నీ మొహమూ లేదు!" అని పెళ్ళాం నోరు మూయించి పడుకోవడం అతని అక్క గుమ్మంలోంచి చూసింది. లేచేసరికి ఎడమపక్కంతా చచ్చుబడింది. ఆసుపత్రిలో తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం మెదడుదాకా పంపి, అడ్డుపడ్డ నెత్తుటి గడ్డను లాగేశారు. "గడ్డయితే బయటికి వచ్చిందమ్మా. పొద్దున్నే తీసుకురావలసింది," అన్నాడు డాక్టరు.

మాట వచ్చింది, దానికన్నా ముందు వెటకారం వచ్చింది, కర్ర పట్టుకుంటే కాలూ కదిలింది. ఎడమవైపు లోకం మాత్రం అతనికి తిరిగి రాలేదు. కంచంలో కుడివైపుదే తిని, "ఇంతేనా పెట్టేది, పీనాసీ!" అని పెళ్ళాన్ని కసురుతాడు. సగం గడ్డమే గీసుకుని అద్దంలో మురిసిపోతాడు. మొన్న మధ్యాహ్నం అక్క ఒళ్ళు తుడుస్తుంటే, అతని కుడిచేతికి దుప్పటిమీద ఏదో తగిలింది. ఎత్తి చూశాడు. ఇన్నేళ్ళూ మిషను మీద గుడ్డను నడిపించిన తన ఎడమచెయ్యే అది. చూపుడువేలి మీది సూదిపోటు మచ్చను జాలిగా తడిమి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇదెవరో టైలరుదిలా ఉంది. పాపం, వెతుక్కుంటూ ఉంటాడు. ఎవరిదో కనుక్కుని ఇచ్చేసి రా."