పాటలో కనిపించని టాపు

నేను కుట్టిన కారు టాపును ఆ సినిమా పాటలో ఒక్క షాటులో కూడా వెయ్యలేదు. పాట మొదలు నుంచి చివరి దాకా ఆ కారు తిరుగుతూనే ఉంది, నా టాపు మాత్రం సీట్ల వెనక ముడుచుకుని పడి ఉంది. తెర నిండా కనిపించినవి రహమత్ నగర్ వాడు కుట్టిన ఎర్ర సీట్లు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

ఎనభైల చివరి మాట. సినిమావాళ్లు మద్రాసు వదిలి వచ్చి, జూబ్లీహిల్స్ బండలు పగలగొట్టి ఇళ్లు కట్టుకుంటున్న రోజులు. షేక్‌పేటలో నాది కార్లకు సీట్లు, టాపులు కుట్టే దుకాణం. నాకు గురువంటూ ఎవరూ లేరు. పాత జీపుల టాపులు విప్పి, కుట్టు ఎటు నుంచి ఎటు పోయిందో చూసి, మళ్లీ కుట్టి నేర్చుకున్నాను. చదువూ అంతే, రెక్సిన్ చుట్టలతో పాటు వచ్చే పాత పేపర్లలోనే అబ్బింది.

ఒక నిర్మాత గారు, కృష్ణా జిల్లా మనిషి, తన పాత ఇంగ్లండు కారును నా దగ్గరికి తెచ్చారు. ఇద్దరే పట్టే స్పోర్ట్స్ కారు. పైకప్పు గుడ్డది; కావాలంటే లాగి వేసుకోవచ్చు, వద్దంటే వెనక్కి మడవచ్చు. ఆ గుడ్డ చీకిపోయి ఇనుప కమాన్ల మీద నుంచి వేలాడుతోంది.

"దీంట్లో పాట తీయాలండీ. టాపు మీరు చూడండి, సీట్లు రహమత్ నగర్ అతను చూసుకుంటాడు," అన్నారు.

అక్కడే నాకు మండింది. సీట్లు నాకు కుట్టడం రాదా? వాడు నాకంటే వయసులో చిన్న, వాడి బోర్డు మాత్రం నా బోర్డు కంటే పెద్దది. అంతే తేడా.

ఆ మంటతోనే పని చేశాను. పాత గుడ్డను చిరగకుండా విప్పి, దాన్నే కొలతగా పరిచి కొత్త నల్ల గుడ్డ కోశాను. నడిమికి సుద్దగీత గీసి, ఒక పక్క ఎంత లాగితే రెండో పక్కా అంతే లాగి, ఎండకు మెత్తబడ్డాక బిగించాను. వేలితో కొడితే డప్పులా మోగింది. వెనక అద్దానికి బదులుండే ప్లాస్టిక్ షీటులో చిన్న ముడత కూడా లేదు.

"సార్, కొత్త గుడ్డ కమాన్ల మీద జర కుదురుకోవాలె. కొన్నొద్దులు మడవకుండ్రి," అని మరీ మరీ చెప్పి పంపాను.

మర్నాడే షూటింగు. ఫిల్మ్‌నగర్ పైన బండల దగ్గరికి పోయి చూద్దును కదా, టాపు మడిచి వెనక కుక్కి, మీద కవరు కప్పేశారు! రహమత్ నగర్ వాడు గొడుగు కింద కుర్చీలో ఉన్నాడు. సీట్లు తుడవడానికి పిలిపించారట. వాడికి కుర్చీ, చాయ్. నాకు జనాన్ని ఆపే తాడు అవతల చోటు.

"అన్నా, నీ టాపు జబర్దస్తుగుంది. గనీ ఏం ఫాయిదా? పరదా ఎన్కనే ఉండిపోయిన పెండ్లిపిల్ల లెక్కాయె," అన్నాడు చాయ్ చప్పరిస్తూ.

"హీరో, హీరోయిన్ కూసుంటె నీ సీట్లు గూడ కనవడయ్ తియ్యి. గంతగనం ఎగరకు," అన్నాను.

నా మాట కూడా నెగ్గలేదు. సినిమా వచ్చాక మా ఆవిడను తీసుకుని పోయాను. హీరో బానెట్ మీద ఎగిరాడు, హీరోయిన్ తలుపు మీద కూర్చుంది. ఇద్దరిలో ఒక్కరూ సీట్లో కూర్చుంటే ఒట్టు! ఆ సీట్లు ఖాళీగా, ఎర్రగా, నన్నే వెక్కిరిస్తూ తెర నిండా పరుచుకున్నాయి. వాటి వెనక నల్లటి మూట ఒకటి. అదే నేను.

"సీట్లు మాత్రం మస్తుగున్నయ్," అంది మా ఆవిడ.

ఇంటికొచ్చే దాకా ఆమెకంటే పది అడుగులు ముందే నడిచాను.

తర్వాత టోలీచౌకి వైపు నుంచి వచ్చే కార్లు మా దుకాణం ముందు ఆగేవి, పని ఇవ్వడానికి కాదు. "పాటల ఎర్ర సీట్లు కుట్టినాయన దుకాణం యాడుంది?" అని నన్నే అడిగేవాళ్లు. ఎరుక లేదనేవాణ్ని. నా టాపు ఎందుకు వెయ్యలేదో అడుగుదామని నిర్మాత గారి ఇంటికి పోతే, "సార్ షూటింగ్‌ల ఉన్నరు," అని కాపలావాడు గేటు దగ్గరే ఆపేవాడు.

తొంభైలు వచ్చాక ఆయనే నా దుకాణానికి వచ్చారు. ఇంకో కారు తలుపుకు రెక్సిన్ ఊడిందట. చేతిలో కత్తెర పక్కన పెట్టేశాను.

"పని తర్వాత సార్. ముందుగాల ఒక్క మాట జెప్పుండ్రి. నా టాపు ఎన్నడన్న ఏసిండ్రా? గా పాటల ఒక్క షాటుకన్న ఏస్తే మీదేం బోయేది?"

ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు:

"వేశామండీ, వేయకేం? రెండో రోజు పాట మధ్యలో వాన దంచేసింది. హీరోయిన్ గారూ, వాళ్లమ్మ గారూ తగ్గేదాకా మీ టాపు కిందే కూర్చున్నారు. ఒక్క చుక్క లోపల పడలేదు. కానీ మేస్త్రీ గారూ, వానొస్తే మేం అన్నిటికంటే ముందు కప్పేసేది కెమెరానే కదండీ!"