అక్కాచెల్లెళ్ళ జుట్టు పందెం

పచూకా ఊళ్ళో, మార్కెట్టు వెనక ఉన్న చిన్న అరేనాలో ఆదివారం మధ్యాహ్నాలు కుస్తీలుండేవి. పద్దెనిమిదేళ్ళపాటు అక్కడ జోడీగా దిగినవాళ్ళు ఒబ్దూలియా, ఆమె చెల్లెలు నియెవెస్. దెబ్బలు తినడం అక్క వంతు. పావుగంటసేపు తన్నులు తిని, పాక్కుంటూ మూలకి వచ్చి, తాళ్ళ అవతల చెయ్యి చాచి నిలబడ్డ చెల్లెలి అరచేతిని తాకేది. అప్పుడు నియెవెస్ లోపలికి దూకి ఎదుటివాళ్ళని ఎత్తి పడేసేది. ఈలలన్నీ చెల్లెలికే. తనని పడేసేవాళ్ళకి కూడా దెబ్బ తగలకుండా అక్కలా పడడం ఎంత కష్టమో తోటి కుస్తీవాళ్ళకి మాత్రమే తెలుసు.

నలభై మూడో ఏట ఒబ్దూలియా మోకాలు మొండికేసింది. ఇంకోసారి గట్టిగా పడితే కాలు పనికిరాదన్నాడు డాక్టరు. పొద్దున్నే బస్టాండులో మొక్కజొన్న పిండితో ఆవిరి మీద వండిన తమాలెలు అమ్ముకోవాలన్నా నిలబడాలి కదా. ఇక మానేస్తానని అరేనా నడిపే పెద్దాయన ఫెర్మిన్‌తో చెప్పింది.

"ఊరికే అలా పోతావా? ఆఖరిసారి మీరిద్దరే ఎదురెదురుగా దిగండి. జుట్టు పందెం. ఓడినవాళ్ళకి రింగులోనే గుండు," అన్నాడాయన.

"నేను అక్క మీద చెయ్యెత్తను," అంది నియెవెస్.

ఒబ్దూలియా మాత్రం సరేనంది. బయటికొచ్చాక చెల్లెలి భుజం పట్టుకుంది.

"నేను లేకపోతే నువ్వు జోడీలో సగానివే అనుకుంటారే. నన్ను ఓడించావనుకో, ఇంక ఆ మాట ఎవరూ అనరు."

ఓడేది అక్కేనని, పడెయ్యకుండా చెయ్యి మెలిపెట్టి ముగించాలని ముందే అనుకున్నారు. తీరా రింగులోకి దిగాక నియెవెస్ చేతులు కదల్లేదు. ఒబ్దూలియా దగ్గరికెళ్ళి చెంప ఛెళ్ళుమనిపించింది. అది ఉత్తుత్తి దెబ్బ కాదు.

"పట్టవే! పిండి కలుపుతున్నావా? జనం టికెట్టు కొనుక్కుని వచ్చింది నీ మొహమాటం చూడ్డానికా?" అంది పళ్ళు బిగబట్టి.

నియెవెస్ ఏడుస్తూనే పట్టింది. భుజం కీలు కదిలేంత గట్టిగా పట్టింది. ఇక చాలు, ఓడిపోయానని ఒబ్దూలియా రెండో చేత్తో నేలమీద కొట్టినప్పుడు అరేనాలో ఒక్క ఈల వినిపించలేదు.

మంగలి కత్తెర తెచ్చాడు. నియెవెస్ అది లాక్కుని, నడుం దాకా ఉన్న అక్క జడని తనే కోసింది. మిగిలిన జుట్టు మంగలి గొరిగాడు. గెలిచినవాళ్ళు ఆ జడని ఎత్తి జనానికి చూపించాలి. నియెవెస్ దాన్ని గుండెలకి అదుముకుని నిలబడిపోయింది.

"ఎత్తు, బంగారం," అంటూ ఒబ్దూలియాయే ఆమె మోచెయ్యి పట్టి పైకెత్తింది.

ముందు వరసలో ఒక ముసలమ్మ ఉండేది. ప్రతి ఆదివారం "లేవవే సోమరిదానా!" అని ఒబ్దూలియాని తిట్టిపోసేది. ఆమె లేచి తాళ్ళ దాకా వచ్చి, తన శాలువా అందించింది.

"తల చల్లబడుతుంది, కప్పుకో. అన్నేళ్ళు తిట్టానని కోపమా?"

"మీరు తిట్టకపోతే నాకు లేవబుద్ధయ్యేది కాదమ్మా," అంది ఒబ్దూలియా.

మరుసటి ఆదివారం నియెవెస్ ఒంటరిగా దిగి గెలిచింది. ఒబ్దూలియా ఆ ముసలమ్మ పక్కనే కూర్చుని చూసింది. చెల్లెలు కిందపడ్డప్పుడల్లా తన కాళ్ళు వాటంతటవే లేవబోతుంటే, రెండు చేతులతో మోకాళ్ళని నొక్కి పట్టుకుంది.